పుస్తకం ముందా.. సిరీస్ ముందా? ఫాంటసీ ప్రియుల కోసం 5 కథలు, 5 జవాబులు

సిరీస్ మొత్తం రెండు రాత్రుల్లో చూసేశారు. కథ తెలిసిపోయింది. ఇక ఆ పుస్తకం చదవాలా, వద్దా? ఇంట్లో పదేళ్ల పిల్లలుంటే ఈ ప్రశ్న ఇంకాస్త ముఖ్యం. ఎందుకంటే మొదట తెరపై చూసిన ముఖమే మనసులో ఉండిపోతుంది. తర్వాత పుస్తకం తెరిచినా ఆ నటుడే కళ్లముందు కనిపిస్తాడు. హీరో ఎలా ఉంటాడో సొంతంగా ఊహించుకునే ఛాన్స్ ఒక్కసారే వస్తుంది.

అలాగని ప్రతిసారీ పుస్తకమే ముందు అని రూలేం లేదు. కథను బట్టి జవాబు మారుతుంది. ఎలాగో చూద్దాం.

1. విక్రమ్-బేతాళ్: ఏది ముందైనా ఓకే

దూరదర్శన్‌లో 1985లో వచ్చిన ‘విక్రమ్ ఔర్ బేతాళ్’ను నిర్మించింది రామానంద్ సాగర్. విక్రముడిగా అరుణ్ గోవిల్, బేతాళుడిగా సజ్జన్ నటించారు. రెండేళ్ల తర్వాత ఇదే అరుణ్ గోవిల్ ‘రామాయణ్’లో రాముడయ్యారు. ఇప్పటి గ్రాఫిక్స్‌తో పోలిస్తే ఆ సెట్లు నాటకం స్టేజీలా ఉంటాయి. అయినా పిల్లలు కదలకుండా చూస్తారు. కారణం సింపుల్. ప్రతి కథ చివర ఒక చిక్కుప్రశ్న ఉంటుంది. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెబితే మౌనం వీడిపోయి బేతాళుడు మళ్లీ చెట్టెక్కేస్తాడు.

ఈ కథలు 11వ శతాబ్దంలో కశ్మీర్ కవి సోమదేవుడు రాసిన ‘కథాసరిత్సాగరం’లో ఉన్నాయి. అందులో రాజు పేరు త్రివిక్రమసేనుడు. తండ్రి కూతురిని, కొడుకు ఆమె తల్లిని పెళ్లి చేసుకుంటే, వాళ్లకు పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు? ఈ ఒక్క ప్రశ్నకే రాజు దగ్గర జవాబు ఉండదు. మీరూ ట్రై చేయండి!

మన దగ్గర ఈ కథలను ఇంటింటికీ చేర్చింది ‘చందమామ’. భుజాన శవం, చేతిలో కత్తితో నడిచే రాజు బొమ్మ గీసిన చిత్రకారుడు శంకర్ 2020లో కన్నుమూశారు. ఒక జాగ్రత్త: అసలు బేతాళ కథల్లో హత్యలు, అక్రమ సంబంధాలు కూడా ఉంటాయి. పిల్లలకైతే వాళ్ల కోసం తిరిగి రాసినవే ఇవ్వండి. మూలం పెద్దలకు.

2. నార్నియా: పుస్తకమే ముందు.. అదీ సరైన వరుసలో

యుద్ధకాలంలో బాంబుల భయంతో లండన్ నుంచి పల్లెకు పంపేసిన నలుగురు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. ఆ ఇంట్లో ఒక బట్టల బీరువా. దాని వెనక మంచు కురిసే అడవి. సీఎస్ లూయిస్ రాసిన ఈ సిరీస్‌లో మొత్తం 7 పుస్తకాలు. 1950 నుంచి 1956 వరకు ఏటా ఒకటి చొప్పున వచ్చాయి.

అభిమానుల మధ్య పెద్ద గొడవ ఏంటంటే.. ఏది మొదట చదవాలి? కథ జరిగిన కాలం ప్రకారం ‘ది మెజీషియన్స్ నెఫ్యూ’ మొదటిది. కానీ అది 1955లో, ఆరో పుస్తకంగా వచ్చింది. లూయిస్ కూడా 1957లో ఒక చిన్న పాఠకుడికి రాసిన లేఖలో కథాకాలం వరుసకే మొగ్గు చూపారు. వరుస అంత ముఖ్యం కాకపోవచ్చని కూడా అన్నారు.

అయినా మొదటిసారి చదివేవాళ్లకు ప్రచురణ వరుసే బెటర్. ఆరో పుస్తకంలో బీరువా రహస్యం విప్పేస్తారు. దాన్ని ముందే చదివితే, బీరువా తలుపు తీసినప్పుడు లూసీకి కలిగే ఆశ్చర్యం మనకు కలగదు. 1988-90 మధ్య బీబీసీ తీసిన సీరియల్‌లో 7 పుస్తకాల్లో 4 మాత్రమే ఉన్నాయి. పుస్తకం చదివాక సరదాగా చూడొచ్చు.

3. హిజ్ డార్క్ మెటీరియల్స్: పుస్తకం ముందు, సిరీస్ తప్పకుండా

ఫిలిప్ పుల్‌మన్ రాసిన ఈ మూడు పుస్తకాలు 1995, 1997, 2000లో వచ్చాయి. బీబీసీ, హెచ్‌బీఓ కలిసి 2019 నుంచి 2022 వరకు 3 సీజన్లు తీశాయి. లైరా పాత్రలో డాఫ్నీ కీన్ నటన బాగుంటుంది.

ఈ లోకంలో మనిషి ఆత్మ శరీరం బయట జంతువు రూపంలో ఉంటుంది. దాన్ని డీమన్ అంటారు. పిల్లల డీమన్లు క్షణానికో రూపం మారుస్తాయి. పెద్దయ్యాక ఒకే రూపంలో స్థిరపడతాయి. ఎదగడం అంటే ఏంటో ఇంత తేలిగ్గా చెప్పిన ఐడియా ఇంకోటి దొరకడం కష్టం. సిరీస్‌లో మాత్రం గుంపు సీన్లలో చాలామంది పక్కన డీమన్లు కనిపించవు. పుస్తకంలో ఆ లోటు లేదు.

ఇంకో తేడా కూడా ఉంది. పుస్తకాల్లో విల్ అనే అబ్బాయి రెండో భాగంలోనే వస్తాడు. సిరీస్‌లో మొదటి సీజన్‌లోనే చూపించేశారు. అందుకే పుస్తకం ముందు. 12 ఏళ్లు దాటినవాళ్లకే ఇవ్వండి. చావు, ఎడబాటు గురించి ముగింపు చాలా బరువుగా ఉంటుంది.

4. ఎర్త్‌సీ: పుస్తకం మాత్రమే

మాంత్రికుల బడి, అందులో ఓ పొగరుబోతు కుర్రాడు. ఇది హ్యారీ పోటర్ కాదు. దానికి 29 ఏళ్ల ముందే, 1968లో ఉర్సులా లే గ్విన్ రాసిన ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’. ఇక్కడ దేని మీదైనా పట్టు దొరకాలంటే దాని అసలు పేరు తెలియాలి. హీరో గెడ్ గర్వంతో ఒక నీడను లోకంలోకి వదులుతాడు. చివరికి దాన్ని తానే ఎదుర్కోవాలి.

గెడ్‌ది రాగి రంగు చర్మం. అక్కడి జనంలో ఎక్కువమంది అలాంటివాళ్లే. ఫాంటసీ హీరో అంటే తెల్లవాడే అనే అలవాటును రచయిత్రి కావాలనే పక్కనపెట్టారు. కానీ 2004లో వచ్చిన అమెరికన్ టీవీ మినీ సిరీస్‌లో గెడ్‌ను తెల్లవాడిగా చూపించారు. తన పుస్తకాన్ని తెల్లగా మార్చేశారని లే గ్విన్ అప్పుడే బహిరంగంగా విమర్శిస్తూ వ్యాసం రాశారు. సినిమా తీసే దశలో తన మాట చెల్లలేదని కూడా చెప్పారు. తన రంగులో ఉన్న హీరోను ఒక పిల్లాడు పుస్తకంలో చూసుకుంటే, తెర ఆ హీరోనే లాగేసుకుంది. అందుకే ఇది స్కిప్ చేయండి. పుస్తకం వదలకండి.

5. దాసరి సీరియళ్లు: రోజుకో అధ్యాయం

‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’.. ఈ పేర్లు వింటే ఇంట్లో తాతయ్యలు, అమ్మమ్మల ముఖాలు వెలిగిపోతాయి. 1954 నుంచి ‘చందమామ’లో వచ్చిన ఈ సీరియళ్లను రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. అప్పట్లో వాటిపై ఆయన పేరు ఉండేది కాదు. రచయిత ఎవరో తెలియకుండానే ఒక తరం నెలనెలా ఎదురుచూసింది. తర్వాత ఇవి పుస్తకాలుగానూ వచ్చాయి.

ప్రతి భాగం సరిగ్గా ప్రమాదం ముంచుకొచ్చే చోట ఆగుతుంది. ఇప్పటి వెబ్ సిరీస్‌లు చేసేదీ అదే. అందుకే ఇవి ఒక్కరోజులో పూర్తిచేయొద్దు. రాత్రి పడుకునే ముందు ఒక అధ్యాయం పైకి చదివి ఆపేయండి. ‘తర్వాత ఏమైంది?’ అని పిల్లలే అడుగుతారు. చెప్పకండి. మర్నాటి ఉదయానికల్లా వాళ్లే ఓ కథ అల్లుకుని వస్తారు. ఎపిసోడ్ అయిన వెంటనే తర్వాతిది ఆటోప్లే అయ్యే తెరపై దొరకనిది ఈ విరామమే.

ఒక్క మాటలో: విక్రమ్-బేతాళ్ మీ ఇష్టం. నార్నియా, హిజ్ డార్క్ మెటీరియల్స్‌కు పుస్తకం ముందు. ఎర్త్‌సీకి పుస్తకం మాత్రమే. దాసరి సీరియళ్లకు మాత్రం పక్కన చదివి వినిపించే మనిషి ఒకరుండాలి.