ఉలి ఆళ్లగడ్డలో, విగ్రహం గుళ్లో

నంద్యాల నుంచి కడప దారి పట్టి 40 కిలోమీటర్ల చిల్లర వెళ్తే ఆళ్లగడ్డ. అక్కడి రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. చెక్కుడంతా శిల్పి షెడ్డులోనే ముగుస్తుంది, ఊరు దాటేది విగ్రహం ఒక్కటే. భక్తుడు వచ్చినప్పుడల్లా గుళ్లో ఎవరూ ఉలి పట్టరు.

స్టాటిక్ సైట్ జనరేటర్ పనీ అంతే. వర్డ్‌ప్రెస్ లాంటివి మామూలుగా పాఠకుడు వచ్చాక డేటాబేస్ తవ్వి పేజీ వండుతాయి. జెకిల్, హ్యూగో మాత్రం పేజీలన్నీ ముందే తయారుచేసి పెడతాయి, సర్వర్‌ది అందించే పని మాత్రమే. జెకిల్‌ను 2008లో టామ్ ప్రెస్టన్-వెర్నర్ రాశాడు. హ్యూగోను 2013లో స్టీవ్ ఫ్రాన్సియా తెచ్చాడు.

ఆళ్లగడ్డ శిల్పాల మీదే బ్లాగు పెడదామనుకుందాం. హ్యూగో దించుకుని, నచ్చిన థీమ్ తగిలించి, నోట్‌ప్యాడ్ తెరిస్తే చాలు. తెలుగు టైపింగ్ రాకపోతే వీవెన్ తయారుచేసిన లేఖిని ఉండనే ఉంది. ఫైలు పైన శీర్షిక, తేదీ, కింద వ్యాసం. ఉపశీర్షిక ముందు రెండు హ్యాష్ గుర్తులు. ‘హ్యూగో’ అని ఒక్క ఆదేశం కొడితే ‘పబ్లిక్’ ఫోల్డర్లో సైటు సిద్ధం. తీరా చూస్తే కొత్త వ్యాసం మాత్రం కనిపించదు! ఫైలు పైన, ఇది ఇంకా చిత్తుప్రతే అని చెప్పే ‘డ్రాఫ్ట్: ట్రూ’ అన్న వరుస ఉంటే దాన్ని తీయడం మరిచిపోవడం కొత్తవాళ్లందరికీ మామూలే.

ఆ ఫోల్డర్‌ను గిట్‌హబ్ పేజెస్‌లో పెడితే అద్దె లేదు, సైటు 1 జీబీ దాటకుండా చూసుకోవాలి. తెలుగు అక్షరమో గుర్తో ఒక్కోటి 3 బైట్లు. అవి 2,500 ఉన్న వ్యాసం 7.5 కేబీ. ఫోన్లోంచి కుదించకుండా ఎక్కించిన 4 ఎంబీ విగ్రహం ఫొటో అలాంటి వ్యాసాలు 500కు పైగా తూగుతుంది.

తెలుగుకు సొంత చిక్కులూ ఉన్నాయి. ఆళ్లగడ్డ అన్న పేరులోనే రెండు ఒత్తులు. ఇంగ్లిష్ కోసం చేసిన థీముల్లో వరుసల మధ్య ఎడం చాలక, పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది. లైన్-హైట్ 1.8 చేస్తే ఊపిరాడుతుంది. చిరునామాలో ‘నంద్యాల’ అని తెలుగులో ఉంచి లింకు కాపీ చేస్తే ఆ ఒక్క పేరే శాతం గుర్తులతో 63 అక్షరాల తోక అయ్యే అవకాశం ఉంది. చిరునామాలో కనిపించే పేరు, అంటే ‘స్లగ్’ దగ్గర ఇంగ్లిష్ పేరు ఇచ్చుకోవడం మేలు.

ఇంత తంటా ఎందుకంటే, 2019 ఏప్రిల్లో గూగుల్ ప్లస్ అనే సామాజిక మాధ్యమం మూతపడ్డప్పుడు దించుకోనివాళ్ల రాతలు పోయాయి. ఇక్కడ అసలు ప్రతి మన ఫోల్డర్లోనే ఉంటుంది.

మార్పులకూ ఈ పద్ధతి సులువే. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది, ఆళ్లగడ్డ అందులోకి వచ్చింది. ప్రతి పేజీ అడుగునా ‘ఆళ్లగడ్డ, కర్నూలు జిల్లా’ అని ఉన్న పాత సైటుకు టెంప్లేట్‌లో ఒక్క వరుస మార్చి ఆదేశం కొడితే పేజీలన్నీ క్షణాల్లో జిల్లా మారతాయి. వ్యాసాల లోపలున్న ‘కర్నూలు జిల్లా’లను మాత్రం రాసినవాళ్లే ఒక్కొక్కటీ చూసుకోవాలి. 2022కు ముందు సంగతి చెప్పేచోట అది తప్పు కాదు మరి.