‘హార్డ్‌నెస్ 200’: ఉక్కుకా, నీటికా?

ఒక ప్రయోగశాల నివేదికలో ‘హార్డ్‌నెస్ 200’ అని మాత్రమే ఉందనుకోండి. అది ఉక్కు నమూనాదైతే ఒక అర్థం, నీటి నమూనాదైతే పూర్తిగా వేరే అర్థం. ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌లో ఈ రెంటితోనూ పని ఉంటుంది. ‘హార్డ్’ అన్న మాటను తెలుగులో ‘కఠినం’ అనేస్తాం. కానీ ఒక్కో శాస్త్రంలో దాని కొలబద్ద వేరు.

లోహంలో

జంషెడ్‌పూర్‌లో టాటా కర్మాగారం 1912లో తొలి ఉక్కును తయారు చేసింది. 1950లో నేషనల్ మెటలర్జికల్ లేబొరేటరీ ప్రారంభమైంది. లోహశాస్త్రంలో కాఠిన్యం అంటే నొక్కినప్పుడు గుంట పడకుండా తట్టుకొనే గుణం. స్వీడన్ ఇంజనీరు బ్రినెల్ 1900లో పరిచయం చేసిన పరీక్షలో, 10 మిల్లీమీటర్ల గట్టి గుండును సాధారణంగా 3,000 కిలోల బరువుతో ఉక్కుపై నొక్కుతారు. గుంట ఎంత చిన్నదైతే బ్రినెల్ సంఖ్య అంత పెద్దది.

కఠినమైనది విరగదనుకోవడం మాత్రం పొరపాటు. గాజు మీద సులభంగా గీత పడదు, కిందపడితే మాత్రం ముక్కలవుతుంది. కార్బన్ ఎక్కువగా ఉన్న ఉక్కును ఎర్రగా కాల్చి నీటిలో ముంచితే చాలా కఠినమవుతుంది, దాంతోపాటు పెళుసుగానూ మారుతుంది. అందుకే దాన్ని మళ్ళీ తగుమాత్రంగా వేడిచేస్తారు. కాస్త కాఠిన్యం తగ్గినా, దెబ్బకు విరగని గుణం వస్తుంది. రైలు పట్టా త్వరగా అరిగిపోకూడదు, విరగనూ కూడదు. ఈ తేడా మీదే ప్రయాణికుల ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

నీటిలో

కఠిన జలంలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటాయి. సబ్బు సరిగా నురగ రాదు. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో కాఠిన్యం, కాల్షియం కార్బొనేట్ లెక్కన, లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం. వేరే నీరు దొరకనిచోట 600 వరకు అనుమతిస్తారు. ఇలాంటి నీరు బాయిలర్ గొట్టాల్లో తెల్లని పొర కడుతుంది. ఆ పొర వేడిని నీటికి చేరనివ్వదు. గొట్టం అతిగా వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది.

అయస్కాంతంలో, ఎక్స్-కిరణాల్లో

పొందిన అయస్కాంతత్వాన్ని సులభంగా వదలనిది హార్డ్ అయస్కాంత పదార్థం, వెంటనే వదిలేసేది సాఫ్ట్. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి సిలికాన్ ఉక్కు చేతికి గట్టిగానే తగులుతుంది, అయినా అయస్కాంత శాస్త్రంలో అది సాఫ్ట్! ఈ పేర్లు వచ్చిన దారి ఆసక్తికరం. గట్టిపరచిన ఉక్కు అయస్కాంతత్వాన్ని నిలుపుకొనేది, మెత్తని ఇనుము పోగొట్టుకొనేది. అలా లోహశాస్త్రపు మాట ఇక్కడికి చేరింది.

ఎక్స్-కిరణాల్లో హార్డ్ అంటే ఎక్కువ శక్తి ఉండి లోతుగా చొచ్చుకుపోయేవి. లోహపు అతుకుల లోపలి పగుళ్ళను, బోలు గదులను వీటితోనే పట్టుకుంటారు.

కాబట్టి ‘హార్డ్’ అన్న మాట కనిపిస్తే నిఘంటువు కన్నా ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఇక్కడ కొలిచింది దేన్ని? ఏ పద్ధతిలో? జవాబు నివేదికలోనే రాసి ఉంటే ఉక్కు ‘200’ను, నీటి ‘200’ను ఎవరూ కలగాపులగం చేయరు.