మీకు తెలుసా? అన్నమయ్య పాటలో ఒక గునపం ఉంది

1969 సెప్టెంబరులో ఇంగ్లండు రాక్ బృందం బీటిల్స్ ‘అబ్బే రోడ్’ ఆల్బం విడుదల చేసింది. అట్ట మీద నలుగురూ వరుసగా రోడ్డు దాటుతుంటారు. వాళ్లలో పాల్ మెకార్ట్‌నీ ఒక్కడి కాళ్లకే చెప్పులు లేవు. అభిమానులు ఆ బొమ్మను జల్లెడ పట్టేశారు. చెప్పులు లేవంటే పాల్ చనిపోయాడని, మిగతా ముగ్గురూ ఆ సంగతి మనకు గుట్టుగా చెబుతున్నారని అన్నారు. పక్కన నిలిపిన ఫోక్స్‌వ్యాగన్ కారు నంబరులో ‘28 ఐఎఫ్’ కనిపించింది. ‘ఇఫ్’ అంటే బతికి ఉండుంటే, ఇరవై ఎనిమిదేళ్లు వచ్చి ఉండేవి అని లెక్క తేల్చారు. రికార్డులను వెనక్కి తిప్పి మరీ విన్నారు. నిజానికి అప్పటికి పాల్‌కు నిండినవి ఇరవై ఏడే. నవంబరులో ‘లైఫ్’ పత్రిక వాళ్లతో మాట్లాడి, తాను బతికే ఉన్నానని ఆయనే చెప్పుకోవాల్సి వచ్చింది.

పాట మీద ప్రేమ ముదిరితే దాని వెనక ఇంకేదో ఉందని వెదుకుతాం. ఆ ప్రేమంటే నాకు గౌరవం. తిరుపతిలో ఉండేవాళ్లకు ఈ వెదుకులాట కొత్త కూడా కాదు. మన అన్నమయ్య పాటలు అయిదు వందల ఏళ్ల నాటివి, రాగిరేకుల మీద చెక్కినవి. వాటిలో దాగిన అర్థాలకు తాళంచెవులు చాలావరకు మన కళ్ల ముందే ఉన్నాయి.

*

ఆ రాగిరేకుల కోసం మొదట ఆరా తీసిన దొరకు కావలసింది పాటలు కావని తెలుసా? ఏ.డి. కాంబెల్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. తెలుగు వ్యాకరణం రాసి 1816లో మద్రాసులో అచ్చు వేయించాడు. తిరుపతి గుడిలో వేల రాగిరేకుల మీద పద్యాలు చెక్కి ఉన్నాయని ఎవరో ఆయన చెవిన వేశారు. తీరా మనిషిని పంపి ఆరా తీస్తే, ఒక వ్యాకరణ గ్రంథం తప్ప మిగతావన్నీ స్వామి మీద స్తోత్రాలేనని తేలింది. ఆయనకు కావలసింది అవి కావు. అంతటితో ఆ సంగతి వదిలేశాడు. చేతి దాకా వచ్చిన అన్నమయ్య అలా చేజారిపోయాడు.

ఆ తర్వాత వందేళ్లకు పైగా ఆ పాటలు అచ్చుకు ఎక్కలేదు. దేవస్థానం శాసనాలను పరిశోధించిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, తర్వాత పండిత విజయరాఘవాచార్య, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఒకరి వెంట ఒకరు ఆ రేకుల ముందు కూర్చుని అక్షరం అక్షరం విప్పారు. అన్నమయ్య చెప్పినవి 32 వేలని ఆయన మనవడు చిన్నన్న రాశాడు. మనకు దక్కినవి పన్నెండు వేలకు పైగా.

(అన్నట్టు, ‘అన్నమయ్య’ సినిమాలో తెలుగు పదానికి జన్మదినం అంటూ పాట రాసిన వేటూరి సుందరరామమూర్తిదీ ప్రభాకరశాస్త్రి గారి కుటుంబమే.)

*

రేకు మీద రాత ఎలా ఉంటుందంటే, మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. కామా ఉండదు. అక్షరాలు చీమల బారులా సాగిపోతుంటాయి. ఎక్కడ విరవాలో చదివేవాడే తేల్చుకోవాలి. ‘వాడలేదు’ అని ఒక్క మాట చూడండి. పువ్వు వాడలేదా, కొన్న సరుకు వాడలేదా, ఊళ్లో వాడ అన్నదే లేదా? ముందూ వెనకా చూడకుండా చెప్పలేం. పన్నెండు వేల పాటలను ఇలా విడదీసుకుంటూ పోవడం ఎంత పనో ఊహించండి.

ఈ చిక్కు అన్నమయ్య వయసునే మార్చేసింది. మొదటి రేకు మీద ఒక వాక్యం ఉంది. శక సంవత్సరం 1346 అయిన క్రోధి నామ సంవత్సరం, అన్నమాచార్యులు అవతరించడం, పదహారేళ్లకు స్వామి ప్రత్యక్షం కావడం, ఈ మూడూ అందులో వరుసగా వస్తాయి. క్రోధి అంటే 1424. అది పుట్టిన ఏడా, లేక పుట్టిన పదహారేళ్లకు స్వామి కనిపించిన ఏడా? మొదటి తీరున చదివితే ఆయన 1424లో పుట్టాడు. రెండో తీరున చదివితే 1408లో. దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి నాటికి, అంటే 1503 నాటికి, ఆయన సంకీర్తనలు ఆగిపోయాయని అదే రేకు చెబుతోంది. మరి బతికింది డెబ్బై తొమ్మిదేళ్లా, తొంభై అయిదేళ్లా? పండితులు ఎక్కువ మంది 1408 వైపే మొగ్గారు. ఇప్పుడు ఉత్సవాలకు లెక్కపెట్టేదీ ఆ ఏడాదినే. కానీ కొన్ని పుస్తకాల్లో 1424 ఇంకా కనిపిస్తుంది. అది అచ్చుతప్పు కాదు, వాక్యాన్ని మరోచోట విరవడం.

*

బ్రహ్మోత్సవాల్లో మైకులో మోగే పాటలో ‘మెరసీ’ అనే మాట విన్నారు కదా. మనలో చాలామంది దాన్ని ‘మెరిసి’ అని అర్థం చేసుకుని, మెరిసి ఏం చేశాడు అని తర్వాతి మాట కోసం ఎదురుచూస్తాం. ఎదురుచూడక్కర లేదు. ఆ చివరి దీర్ఘంతోనే వాక్యం ముగిసింది. అన్నమయ్య నాటి తెలుగులో వచ్చీ, చేసీ, మెరసీ అంటే వస్తున్నాడు, చేస్తున్నాడు, మెరుస్తున్నాడు అని. స్వామి మాడవీధుల్లో ఇప్పుడే, మన ఎదుటే ఊరేగుతున్నాడు. ఈ ఒక్క దీర్ఘం సంగతి తెలిశాక ఆ పాట నాకు వేరేగా వినిపించడం మొదలైంది.

*

‘ముద్దుగారే యశోద’ పాడే పిల్లలను నవరత్నాలు లెక్కపెట్టమనండి. ముత్యంతో మొదలై మాణిక్యం, వజ్రం, పచ్చ, పగడం, గోమేధికం, వైడూర్యం, పుష్యరాగం మీదుగా వేంకటాద్రి దగ్గర ఇంద్రనీలంతో తొమ్మిదీ పూర్తవుతాయి. కంసుడి పాలికి కృష్ణుడు వజ్రమట. వజ్రం అంటే రత్నమే కాదు, ఇంద్రుడి ఆయుధం కూడా. తొమ్మిది అయ్యాక పాలసముద్రంలోని దివ్యరత్నం ఒకటి మిగులుతుంది. దానికి పేరు పెట్టలేదు.

*

‘ఏమొకో’ అని మొదలయ్యే పాటలో అయితే గుట్టు వెదికే పని చెలికత్తెలదే! నాయిక పెదవి మీద అక్కడక్కడా కస్తూరి మరకలు. ఏమిటవి? విభుడికి రాసిన ఉత్తరం కాదు కదా? కళ్ల చివర ఎరుపెందుకు? చెక్కిళ్ల దగ్గర ఆ ముత్యాలేమిటి? ఒక్కో ఆనవాలూ చూసి రాత్రి జరిగింది ఊహించుకుంటారు. అబ్బే రోడ్ బొమ్మను అభిమానులు చదివినట్టే ఆమె ముఖాన్ని వీళ్లు చదివారు. రాజు సాళువ నరసింహరాయలు ఈ పాటకే పరవశించిపోయి, తన మీదా అలాంటిది ఒకటి చెప్పమన్నాడని, అన్నమయ్య కాదన్నాడని కథ.

దక్కిన పాటల్లో నాలుగింట మూడు వంతులకు మించి శృంగార సంకీర్తనలే. నాయిక అంటే జీవాత్మ, నాయకుడు పరమాత్మ, కస్తూరి అంటే ఇంకేదో తత్త్వం అని వివరించేవాళ్లు ఉన్నారు. ఆ దారిలో నడిచినవాళ్లు మహానుభావులు. కానీ అన్నమయ్య ఇంటివాళ్లైన తాళ్లపాక వాళ్లు రేకులు చెక్కించేటప్పుడే అధ్యాత్మం, శృంగారం అని రెండుగా విడదీసి పేర్లు పెట్టారు. ఏది ఏదో వాళ్లకు తెలుసు. అలమేలుమంగ పెదవి మీది కస్తూరిని కస్తూరిగానే చూడటం అపచారమని నేను అనుకోను.

*

రేకుల మీద రాగం పేరు ఉంటుంది, స్వరం ఉండదు. కొండమలహరి, అమరసింధు లాంటి రాగాలు పేర్లుగానే మిగిలాయి. ఈరోజు మనం వినే వరుసలన్నీ మన కాలపువే. రాళ్లపల్లి వారు మొదలుపెట్టిన ఆ పనిని నేదునూరి కృష్ణమూర్తి, 2025 మార్చిలో తిరుపతిలోనే కన్నుమూసిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్లు కొనసాగించారు.

*

ఇక గునపం సంగతి.

‘కొండలలో నెలకొన్న’ పాట తెలియని ఇల్లు మన జిల్లాల్లో ఉండదేమో. అందులో స్వామి అనంతాళువారి కోసం మన్ను మోశాడని వస్తుంది. ఆ ముందు రెండు మాటలను చాలామంది గబగబా పాడేస్తారు: ‘ముచ్చిలి’, ‘వెట్టి’. ముచ్చిలి అంటే దొంగచాటుగా. వెట్టి అంటే మనకు తెలిసిందే, కూలి లేని చాకిరి. ఏడుకొండలవాడు దొంగచాటుగా వచ్చి ఒక భక్తుడికి వెట్టి చేశాడు. ఆ మూడు నాలుగు మాటల్లో కథంతా ఉంది.

అనంతాళువారు రామానుజుల శిష్యుడు. స్వామికి పూలతోట పెంచడానికి కొండకు వచ్చాడు. తోటకు నీళ్లు కావాలని భార్యాభర్తలు చెరువు తవ్వుతున్నారు. ఆయన తవ్వితే, నిండు చూలాలైన ఆమె మట్టి గంప మోస్తోంది. ఒక కుర్రవాడు వచ్చి సాయం పడతానన్నాడు. ఈ సేవలో ఎవరికీ భాగం ఇవ్వనన్నాడు అనంతాళువారు. కుర్రవాడు ఆయన కంట పడకుండా ఆమె దగ్గర గంప అందుకుని మోశాడు. అది తెలిసి ఆయన కోపంతో చేతిలోని గునపం విసిరితే వాడి గడ్డానికి తగిలింది. వాడు పరుగెత్తి మాయమయ్యాడు. గుడిలో చూస్తే మూలమూర్తి గడ్డం నుంచి నెత్తురు! అనంతాళువారు వణికిపోయి పచ్చకర్పూరం అద్దాడు. స్వామి చుబుకం మీద ఇప్పటికీ తెల్లగా కనిపించేది అదే.

ఆ గునపం మహాద్వారం గోడకు వేలాడుతోంది. క్యూలో గోవిందా అంటూ తోసుకుంటూ పోయే వేళ ఎవరి చూపూ అటు పోదు. మొదటిసారి నాకు దాన్ని చూపించింది పక్కన నిలబడిన ఒక ముసలాయన. మనవణ్ణి భుజానికెత్తుకుని, “అదో చూడు నాయనా, సామిని కొట్టింది దాంతోనే” అన్నాడు. ఏళ్ల తరబడి ఆ పాట వింటున్నా, ‘వెట్టి’ అనే మాట దగ్గర నేను ఆగింది ఆ రోజు నుంచే.

అదే పాటలో అనంతాళువారి కంటే ముందు కురువ నంబి వస్తాడు. ఆయన కుమ్మరి. కుండలు చేసే మట్టితోనే పూలు చేసి స్వామికి అర్పించేవాడు. తొండమాన్ చక్రవర్తి వేసిన బంగారు పూల మీద ఆ మట్టి పూలే కనిపించాయని కథ. ఆ కుమ్మరి ఆనవాలు గునపంలా గోడకు లేదు, రోజూ వంటశాల నుంచి వస్తుంది. స్వామికి ఎన్ని రకాల ప్రసాదాలు చేసినా, గర్భగుడి గడప అయిన కులశేఖరపడి దాటి లోపలికి పోయేది కొత్త మట్టి ఓడులో పెట్టిన పెరుగన్నం ఒక్కటే.