మీకు తెలుసా? కోసినా పెరిగే కాలేయానికి కీమో పెట్టే పరీక్ష

ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో మూడింట రెండొంతులు కోసి తీసేసినా, మిగిలినది కొన్ని నెలల్లో దాదాపు పాత పరిమాణానికి చేరుతుంది. పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకినప్పుడు ఆ గడ్డలను కోసి తీయగలుగుతున్నది ఈ గుణం వల్లే. అయితే అలాంటి రోగుల్లో చాలామందికి ఆపరేషన్‌కు ముందే కీమోథెరపీ ఇస్తారు. గడ్డను చిన్నది చేసే ఆ మందే కాలేయం పుంజుకునే వేగాన్నీ తగ్గించొచ్చు.

• తెగిన చోట కొత్త ముక్క మొలవదు. బల్లికి తోక వచ్చినట్టు కాదు, మిగిలిన భాగమే పెద్దదవుతుంది. 1931లో హిగ్గిన్స్, ఆండర్సన్ అనే అమెరికా పరిశోధకులు ఎలుకల కాలేయంలో మూడింట రెండొంతులు తీసి దీన్ని గమనించారు. మనిషిలోనైతే మొదటి రెండు వారాల్లోనే ఎదుగుదల ఎక్కువ.

• కాలేయ కణాలు మామూలు రోజుల్లో విభజన జోలికి పెద్దగా పోవు. కోత పడగానే, పేగుల నుంచి పోర్టల్ సిర తెచ్చే రక్తమంతా మిగిలిన ముక్క మీదే పడుతుంది. దాంతో కణాలు చకచకా విభజన మొదలుపెడతాయి. చాలా కీమో మందుల గురి కూడా విభజన చెందే కణాల మీదే. ఆపరేషన్ అయ్యాక కీమోకు సాధారణంగా 4 నుంచి 8 వారాలు ఆగడానికి ఇదొక కారణం.

• కీమో దెబ్బకు రంగులున్నాయి. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు కాలేయంలోని సన్నని రక్తమార్గాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. రక్తం నిలిచిపోయి కాలేయం నీలంగా కనిపిస్తుంది. సర్జన్లు దీన్ని ‘బ్లూ లివర్’ అంటారు. ఇరినోటెకాన్ అనే మరో కీమో మందు తీసుకున్న కొందరిలో కొవ్వు పేరుకుని వాపు వస్తుంది. అది ‘ఎల్లో లివర్’. 2006లో వెలువడిన 406 మంది రోగుల అధ్యయనంలో, ఈ కొవ్వువాపు ఉన్నవారిలో ఆపరేషన్ జరిగిన 90 రోజుల్లోపు మరణాలు 14.7 శాతం. లేనివారిలో 1.6 శాతమే.

• ఆపరేషన్‌కు ముందే సీటీ స్కాన్‌తో ఎంత కాలేయం మిగులుతుందో కొలుస్తారు. ఆరోగ్యమైన కాలేయమైతే కనీసం 20 శాతం, ఎక్కువ కాలం కీమో తీసుకుని ఉంటే 30 శాతం, సిరోసిస్ (కాలేయం గట్టిపడే జబ్బు) ఉంటే 40 శాతం మిగలాలన్నది వాడుకలో ఉన్న లెక్క.

• అంత మిగలదనిపిస్తే, తీసేయబోయే వైపు వెళ్లే పోర్టల్ సిర కొమ్మను ముందుగానే మూసేస్తారు. రక్తం రెండో వైపుకు మళ్లి, ఆ భాగం కొన్ని వారాల్లో పెరుగుతుంది. 1980ల్లో జపాన్ వైద్యులు వాడుకలోకి తెచ్చిన ఈ పద్ధతి పరీక్షగా కూడా పనికొస్తుంది. అప్పుడు కూడా సరిగా పెరగకపోతే, కోత తర్వాత కాలేయం తట్టుకోలేకపోవచ్చని సర్జన్ జాగ్రత్తపడతారు.

• చివరి కీమోకు, ఆపరేషన్‌కు మధ్య సాధారణంగా కనీసం 4 వారాల విరామం ఇస్తారు. కీమోతో పాటు బెవాసిజుమాబ్ అనే మందు వాడితే 5 నుంచి 6 వారాలు. ఆ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు 20 రోజులు పడుతుంది.

• ఇదంతా చూసి కీమోకు భయపడనక్కర్లేదు. 2008లో ప్రచురితమైన యూరప్ ప్రయోగంలో ఆపరేషన్‌కు ముందు 6 సైకిళ్ల (విడతల) కీమో ఇచ్చారు. ఆపరేషన్ తర్వాత వచ్చిన, నయం కాగల చిక్కులు కీమో తీసుకున్నవారిలో 25 శాతం, తీసుకోనివారిలో 16 శాతం. మరణాలు మాత్రం రెండు వైపులా అరుదే. ముప్పు పెరిగేది సైకిళ్లు పెరిగేకొద్దీ. పైగా స్కాన్‌లో గడ్డ మాయమైనా అక్కడ క్యాన్సర్ కణాలు చాలాసార్లు మిగిలే ఉంటాయి. అందుకే గడ్డ కోయడానికి వీలైన దశకు రాగానే కీమోను సాగదీయకుండా ఆపరేషన్‌కు వెళ్లడం మేలంటారు నిపుణులు. ఆ దశ ఎప్పుడొస్తుందో చెప్పాల్సింది కాలేయ సర్జన్ కాబట్టి, ఆయన సలహా మొదటి సైకిల్‌కు ముందే తీసుకోవాలి.