ఫ్రేమ్‌వర్క్: సౌకర్యము - మూల్యము

వెబ్‌సైట్‌కు కావలసిన లాగిన్, ఫారములు, డేటాబేస్ ఏర్పాట్లన్నిటినీ ముందే సిద్ధపరచి ఇచ్చే చట్రమే ఫ్రేమ్‌వర్క్. 2005లో వెలువడిన జాంగో ఇట్టిదే. దీనివలన శ్రమ, కాలము ఎంతో ఆదా అవుతాయి.

అయితే ఈ సౌకర్యానికి మూల్యం లేకపోలేదు. చిన్న పనికి సైతం చట్రం భారమంతా మోయాలి. అది నిర్దేశించిన పద్ధతినే అనుసరించాలి. అంతకుమించి, దాని ఆయుర్దాయం మన చేతిలో ఉండదు. గూగుల్ సంస్థ 2010లో విడుదల చేసిన యాంగ్యులర్‌జేఎస్‌నే చూడండి. 2016లో వచ్చిన కొత్త యాంగ్యులర్ సమూలంగా తిరిగి వ్రాసినది. పాత కోడు అందులో నేరుగా పనిచేయదు. 2022 జనవరి నాటికి పాతదానికి భద్రతా సవరణలు సైతం ఆగిపోయాయి. దానినే నమ్ముకున్నవారికి పాత పని తిరిగి చేసుకోవలసిన అవసరం ఏర్పడింది.

కనుక విద్యార్థి మిత్రులారా, ఫ్రేమ్‌వర్క్‌ను వాడవద్దని కాదు. ముందుగా హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్‌లను క్షుణ్ణంగా అభ్యసించండి. చట్రం మారినా ఆ పునాది మీకు మిగులుతుంది.