పాత సైనిక గడియారముల జీర్ణోద్ధరణము



జీర్ణోద్ధరణమనగానే మనకు దేవాలయము జ్ఞప్తికి వచ్చును. కూలిన గోడను నిలిపినవానిని, కారుచున్న కప్పును బాగుచేసినవానిని ఊరందరును మెత్తురు. కాని స్తంభము మీది శాసనము కనబడకుండ సున్నము పూసిన వానిని ఎవరును మెచ్చరు. ఈనాటి ప్రసంగమునకు విషయమైన పాత సైనిక గడియారము అరచేతిలో ఇముడునంత చిన్న వస్తువు. ఐనను దానికిని ఈ న్యాయమే వర్తించును. లోపలి యంత్రమును బాగుచేయింపవలెను. ముఖమును మాత్రము ముట్టరాదు. ఇట్లు చెప్పుటకు రెండు కారణములు కలవు. అందొకటి చరిత్రకు సంబంధించినది, మఱియొకటి ప్రాణమునకు సంబంధించినది.

ముందుగా ఈ గడియారము సైనికుని చేతికి ఎట్లు వచ్చెనో వినుడు. పందొమ్మిదవ శతాబ్దమున పాశ్చాత్య దేశములలో పురుషుడు గడియారమును జేబులో ఉంచుకొనెడివాడు. ముంజేతి గడియారము స్త్రీల ఆభరణముగా ఎంచబడుచుండెను. ఈ అభిప్రాయమును మార్చినది యుద్ధము. 1899 మొదలు 1902 వరకు దక్షిణాఫ్రికాలో జరిగిన బోయరు యుద్ధమునందు కొందరు సైనికులు జేబు గడియారమునే తోలుపట్టాలో అమర్చి ముంజేతికి కట్టుకొనిరి. ఒకచేత కళ్లెమును, ఒకచేత తుపాకియు ఉన్నవానికి జేబు తడవికొనుటకు తీరిక యెక్కడిది?

1914లో ప్రారంభమైన మొదటి ప్రపంచయుద్ధమునందు ఈ అవసరము మఱింత హెచ్చెను. వెనుకనుండి ఫిరంగులు గుండ్లు కురిపించుచుండ, కాల్బలము ఆ గుండ్లవాన వెంబడి నడువవలెను. ఫిరంగుల గురి ఎన్ని నిమిషములకొకమారు ముందునకు జరుగునో ముందే నిర్ణయింపబడి యుండును. నిమిషము తొందరపడినవాడు తనవారి గుండ్లకే బలియగును. నిమిషము ఆలసించినచో శత్రువు తేరుకొని మరతుపాకి ఎక్కుపెట్టును. 1916 జూలై 1వ తేదీ ఉదయము 7 గంటల 30 నిమిషములకు ఫ్రాన్సులోని సోమ్ నదీ ప్రాంతమున బ్రిటిషు సేనలు కందకములనుండి వెడలినప్పుడు, అంతటి సేనను ఒక్క క్షణమున కదల్చినవి అధికారులు ముందుగా సరిపెట్టుకొనిన గడియారములే.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటిషు ప్రభుత్వము తనకు కావలసిన గడియారపు లక్షణములను తానే నిర్ణయించి స్విట్జర్లండులో చేయించెను. నల్లని డయలు, 15 రాళ్ల యంత్రము, నీరు చొరని కేసు, సులభముగా పగులని అద్దము, చీకటిలో వెలుగు ముళ్లు, ఇవి ఆ లక్షణములు. ఒమేగా, లాంజీన్, సైమా, వెర్టెక్స్ మొదలగు 12 కంపెనీల గడియారములు 1945లో సైన్యమునకు చేరెను. ఈ పండ్రెండును ఒకచోట కూర్చుటయే నేటి సేకర్తలలో పలువురి కోరిక. వీని డయలుమీదను, వెనుక మూతమీదను బాణపు మొనవంటి గుర్తు కలదు. అది సర్కారు సొత్తని తెలుపు ముద్ర.

రెండవ యుద్ధాంతమునకు భారత సైన్యము 25 లక్షలకు పెరిగెను. తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరము వంటి గ్రామములు రెండు యుద్ధములకును తమ బిడ్డలను పంపినవి. సర్కారు గడియారము ప్రతి సిపాయికిని ఇచ్చునది గాదు. పనికి అవసరమైనవారికి ఇచ్చి మరల తీసికొనెడివారు. యుద్ధానంతరము మిగులు సరుకుగా అమ్ముడుపోయినవియు కలవు. మీ ఇంటి పెట్టెలో తాతగారి గడియారమున్నచో, దానిపై ఆ బాణపు గుర్తు కలదేమో చూడుడు.

చూచుటకు తొందరపడి అద్దము మాత్రము ఊడదీయకుడు. చీకటిలో వెలుగుటకై నాటి డయళ్లకును ముళ్లకును పూసిన రంగులో రేడియము కలదు. ఇది 1898లో క్యూరీ దంపతులు కనుగొనిన ధాతువు. దీని కిరణములు తాకగా రంగులోని జింకు సల్ఫైడు అను పొడి వెలుగును. కొన్నియేండ్లకు ఆ పొడి చెడి వెలుగుట మానును. అది చూచి జనులు రంగు చచ్చినదనుకొందురు. రేడియము చచ్చుట అంత తేలిక గాదు. దాని శక్తి సగమగుటకే సుమారు 1,600 ఏండ్లు పట్టును. మొదటి యుద్ధకాలమున పూసిన రేడియము నేటికిని నూటికి రమారమి 95 పాళ్లు మిగిలియున్నది.

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, ఆరెంజ్ పట్టణపు కర్మాగారములో యువతులు ఈ రంగును పూయుచు, కుంచె మొనను పెదవులతో సన్నముగా తీర్చుకొనెడివారు. హాని యేమియు లేదని వారితో చెప్పిరి. కడుపులోనికి పోయిన రేడియము సున్నమువలె ఎముకలలో చేరును. కొలదియేండ్లలో దవడ యెముకలు కుళ్లి, రక్తము క్షీణించి, పలువురు మరణించిరి. వ్యాధిగ్రస్తులైన ఐదుగురు స్త్రీలు వేసిన దావా 1928లో రాజీతో ముగిసెను.

మూతవేసియున్న గడియారమును చూచి బెదరనక్కరలేదు. ఆపద ముఖ్యముగా రంగు పొడియై ముక్కునకో నోటికో చేరుటయందు కలదు. డయలును గోటితో గీకరాదు, గుడ్డతో తుడువరాదు, నోటితో ఊదరాదు, పిల్లలకు ఆటకీయరాదు. రేడియమునుండి రాడాను అను వాయువు పుట్టును గనుక, పలు గడియారములు గలవారు వానిని పడకగదిలో గాక గాలి వచ్చుచోట ఉంచవలెను. 1960 తరువాతి సైనిక గడియారములలో రేడియమునకు బదులు ట్రిటియము వచ్చెను. బ్రిటిషు డయళ్లపై వలయములో నున్న టీ అను ఆంగ్లాక్షరము దానికి గుర్తు.

యంత్రము మాట వేరు. ఇరుసున కందెన ఎండిన బండిని ఎద్దులు ఎట్లు ఈడ్వలేవో, నూనె ఎండి జిగురైన చక్రములను స్ప్రింగు అట్లే త్రిప్పలేదు. ఈ గడియారములలో పెక్కింటి బాలెన్సు చక్రము గంటకు 18,000 మారులు ఊగును. నూనె లేక నడిపించినచో దాని ఇరుసు మొనలు అరిగిపోవును. కావున ఏండ్ల తరబడి నిలిచియున్న దానికి కీ యిచ్చి పరీక్షింపక, ముందు నిపుణునికి చూపవలెను. రేడియము సంగతి తెలిసినవాడైన డయలును ముట్టక, దానిని వేరుగా మూతపెట్టి యుంచును. యంత్రమును విడదీసి, ప్రతి భాగమును కడిగి, భూతద్దముతో పరీక్షించి, సూదిమొనతో ఇంచుక నూనె పెట్టును. తెగిన స్ప్రింగును, పగిలిన అద్దమును మార్చుట దోషము గాదు. తీసిన భాగములను ఒక పొట్లములో భద్రపరచినచో మఱియు మేలు.

కేసును తళతళలాడునట్లు రాయించుట మాత్రము కూడదు. బాణపు గుర్తును, సంఖ్యలును దానితో అరిగిపోవును. డయలుకు కొత్తరంగు వేయించుట అంతకంటె చెరుపు. కొన్నింటికి సైన్యమువారే తరువాత డయలు మార్చిరి. అది వారి లెక్క ప్రకారము జరిగినది గనుక అదియు చరిత్రయే. అంగడిలో జరుగునది వేరు. నానా గడియారముల భాగములు కూర్చి, డయలుకు కొత్తగా బాణపు గుర్తు వేసి, యుద్ధము చూచినదని అమ్మువారు మన దేశమునను, ఇతర దేశములందును కలరు. అట్టివాని నడుమ, మచ్చలు పడి పసుపెక్కిన నిజమైన డయలు ఒక సాక్షి. రంగు పూసిననాడు ఆ సాక్షి నోరు మూతపడును.

గడియారము తనంతట తాను చెప్పలేనిది మరొకటి కలదు. అది ఎవరి చేతినుండెను, ఏ సీమకు పోయి వచ్చెను, ఇంటికి ఎట్లు చేరెను అనునది కంపెనీ ముద్రలు తెలుపజాలవు. ఆ సంగతి యెరిగినవారు మీరే. ఒక కాగితముపై ఆ నాలుగు మాటలు వ్రాసి గడియారముతోపాటు ఉంచుడు. మీ మనుమలు యంత్రమును ఎప్పుడైనను బాగుచేయించుకొనగలరు. ఆ నాలుగు మాటలు మాత్రము మీరు వ్రాయనిచో వారికి దొరకవు.