వారంటీ గడువు – వినియోగదారుని హక్కు

పూర్వము గోదావరి సీమలోని రైతు సంతలో ఎద్దును కొనునప్పుడు దాని పండ్లు చూచి, గిట్టలు పరీక్షించి, నాలుగడుగులు నడిపించిన పిమ్మటనే బేరమాడెడివాడు. సరకు మంచిచెడ్డలను కొనువాడే చూచుకొనవలెననునది ఆనాటి పద్ధతి. కాని నేటి స్మార్ట్‌ఫోనును అట్లు పరీక్షించుట ఎవరి తరము? దాని లోపలి భాగములు కొనువాని కంటికి కనబడవు. ఇట్టి కాలమున కొనువానికి చట్టము అండ కావలసియున్నది.

మన దేశమున మొదటి వినియోగదారుల రక్షణ చట్టము 1986లో వెలసినది. దానికి మారుగా 2019లో చేయబడిన చట్టము 2020 జూలై 20వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది.

ఈ చట్టము ఎట్లు ఉపయోగపడునో తెలియుటకు కడియములో నర్సరీ నడుపుకొను ఒక రైతును ఊహింపవచ్చును. అతడు మొక్కల ఛాయాచిత్రములను ఫోనుద్వారా దూరప్రాంతములకు పంపి బేరములు కుదుర్చుకొనును. హైదరాబాదులో 18,000 రూపాయలకు కొన్న ఆ ఫోను పదునాలుగవ నెలలో తనంతట తానే ఆగిపోయినది. వారంటీ 12 నెలలే. మరమ్మతునకు 9,000 రూపాయలగునని సర్వీసు సెంటరువారు చెప్పిరి. ఫోను లేనిదే బేరములు లేవు. అతడు ఊరకుండవలసినదేనా?

వారంటీ యనగా తయారుచేసినవారు ఇచ్చిన హామీ. గడువుతో ఆ హామీ తీరును గాని చట్టమిచ్చిన రక్షణ తీరదు. అమ్మెడి సరకు తగిన నాణ్యత కలిగియుండవలెనని 1930 నాటి వస్తు విక్రయ చట్టమే చెప్పుచున్నది. సరకులో మొదటినుండియు దాగియున్న లోపము గడువు దాటిన పిదప బయటపడినను, కొన్నవాడు ఫిర్యాదు చేయవచ్చును. లాభార్జనకై వ్యాపారమున వాడు వస్తువులకు ఈ చట్టము వర్తింపదు. అయినను స్వయముగా పనిచేసుకొని బ్రదుకుటకు మాత్రమే వస్తువును వాడుకొనువాడు వినియోగదారుడే. కావున కడియము రైతునకు ఈ హక్కు కలదు.

అయితే హక్కు కలిగినంత మాత్రమున గెలుపు నిశ్చయము కాదు. ఫోను క్రింద పడినను, నీటిలో తడిసినను, ఆ నష్టము వాడినవానిదే. బ్యాటరీ వాడుకవలన క్రమముగా బలహీనమగుట సహజము. తయారీలోనే లోపమున్నదని ఫిర్యాదుదారుడే నిరూపింపవలెను. అవసరమైనచో కమిషను ఆ వస్తువును ప్రయోగశాలకు పంపి పరీక్షింపజేయును. వారంటీ కాలములోనే ఆ లోపమునకు మరమ్మతు చేయించియున్నచో, ఆ రసీదులు మిక్కిలి బలమైన సాక్ష్యములు.

రైతు మొదట అమ్మినవారికిని తయారుచేసినవారికిని వ్రాతపూర్వకముగా తెలుపవలెను. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 అను సంఖ్యద్వారా చెప్పుకొనవచ్చును. ఫలితము లేనిచో జిల్లా వినియోగదారుల కమిషనును ఆశ్రయింపవలెను. కాకినాడ, రాజమహేంద్రవరము, ఏలూరులలో ఇట్టి కమిషనులు కలవు. ఫోను హైదరాబాదులో కొన్నను, ఫిర్యాదుదారుడు తాను నివసించు ప్రాంతపు కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చునని 2019 చట్టము వీలు కల్పించినది. ఫిర్యాదునకు కారణము ఏర్పడిన నాటినుండి రెండు సంవత్సరములలో దానిని దాఖలు చేయవలెను. 5 లక్షల రూపాయలవరకు వెలగల సరకు విషయమున రుసుము లేదు. వకీలు లేకుండ తానే వాదించుకొనవచ్చును. లోపము రుజువైనచో కమిషను మరమ్మతు చేయుమనిగాని, క్రొత్త వస్తువు నిమ్మనిగాని, సొమ్ము తిరిగి యిమ్మనిగాని ఆజ్ఞాపింపగలదు, నష్టపరిహారమును ఇప్పింపగలదు. తీర్పు నచ్చనివారు 45 దినములలో రాష్ట్ర కమిషనునకు అప్పీలు చేసికొనవచ్చును.

కొన్ననాటి బిల్లు, వారంటీ కార్డు, మరమ్మతు రసీదులు – ఇవి చిన్న కాగితములే. కాని వివాదము వచ్చిననాడు కొన్నవాని పక్షమున మాటలాడునవి అవియే. బిల్లు అడిగి తీసికొని భద్రపరచుట ప్రతి యింటను పిల్లలును నేర్వదగిన అలవాటు.